శుక్రవారం అమ్మని పసుపు

మా ఆయనకు పసుపు తెలుసు. ఈ మాట ముందే చెప్పి పెడ్తాన్న. లేకుంటే ఇదంతా విన్నంక మీరు ఆయనను తెలివిలేని మనిషి అనుకుంటరు. నేను అనుకుంట, అది వేరు. కట్టుకున్నదాన్ని, నాకు హక్కున్నది. మీరు అనుకోవద్దు.

ఎనుమాముల మార్కెట్‌ల రైతు మూట మూతి విప్పుడే ఆలస్యం, ఈయన మోచేతిదాక చెయ్యి పెట్టి అడుగు నుంచి ఒక కొమ్ము తీస్తడు. రెండు చేతుల పట్టుకొని టక్కున విరుస్తడు. ఆ చప్పుడు చెవిల పడంగనే తెలుస్తదట, నిండా ఎండిందా, ఇంకా పచ్చి ఉన్నదా అని. విరిగిన కాడ రంగు చూసి ఏ దిక్కు చేనుదో, సరిగ ఉడకబెట్టిండ్రో లేదో చెప్తడు. రైతులే నోరు తెరిచి చూస్తరు. "సేటు, మా ఇంట్ల నిలవడి చూసినట్టే చెప్తవేంది" అంటరు. పెండ్లైన కొత్తల ఆ మాటలు విని నేను మస్తు మురిసిన.

బీటుబజారుల మా దుకాణం. ముందర గదిల పసుపు, కుంకుమ, మిరప్పొడి, ధనియాలు. నడిమిట్ల గిర్ని. వెనుక గోదాము. సరుకు కొనుడు ఆయన పని, అమ్ముడు నా పని. మా ఇండ్లల్ల ఆడోళ్ళు చాటుకు ఎంత చాకిరీ చేసినా గల్లా మీద కూసోరు. నన్ను కూసోబెట్టింది మా మామయ్య. ఆయనకు కాలు ఆపరేషనైనప్పుడు దుకాణం చూసేటోళ్ళు లేక, "రామ్మా, నాలుగు రోజులు నువ్వు కూసో" అన్నడు. పదో తరగతి తప్పిన దాన్ని నేను. కాని లెక్క నోటికి వస్తది. కాలు బాగై దుకాణానికి వచ్చినంక గూడా మామయ్య నన్ను లేపలే. ఎదురుంగ కుర్చీల కూసొని పేపర్ చదువుకునేటోడు. ఆయన పోయినంక గూడా ఆ పీట నాదే. పిల్ల పుట్టినా, ఒంట్ల బాగలేకున్నా పొద్దున తొమ్మిదింటికి నేను ఆ పీట మీద ఉండాలె. లేకుంటే నాకే తోచది. ఇంట్ల నేను కోడల్ని, భార్యను, తల్లిని. ఆ పీట మీద కూసుంటెనే నేను నేను.

ముందు షేర్లతోని మొదలైంది. కరోనా టైంల దుకాణాలు బందు పెట్టి ఇండ్లల్ల కూసున్నం గదా, అప్పుడు బజారుల సగం మంది మొగోళ్ళు ఫోన్లల్ల ఖాతాలు తెరిచిండ్రు. మా ఆయన గూడా తెరిచిండు. మా బిడ్డ హసన్‌పర్తిల ఇంజినీరింగ్ చదువుతది, అదే దగ్గర కూసొని అన్నీ నొక్కి ఇచ్చింది. ఎవరో చెప్పిన కంపెనీ కొనుడు, అది పడుడు, ఇంకొకరు చెప్పింది కొనుడు, అదీ పడుడు. పోయింది పెద్దగ ఏం లేదు. కాని ఆయనకు పైసల కంటే నామోషీ ఎక్కువైంది. బేరంల ఎవ్వరికీ దొరకని మనిషి, కండ్లు మూసుకొని కొని మోసపోయిన అని రంది పెట్టుకున్నడు.

"వాడెవడో, వాడి కంపెనీ యాడున్నదో, లోపల ఏం నడుస్తాందో మనకేం తెలుసు?" అన్నడు ఒకనాడు అన్నం తినుకుంట. "షేర్ అంటే ఎవడిదో ముచ్చట. సరుకైతే మన ముచ్చట. పసుపు మనకు తెల్వదా?"

హన్మకొండల ఒక ట్రేడింగ్ ఆఫీసు ఉండె. అక్కడ పనిచేసే ఆయన మార్కెట్ యార్డుకు వచ్చి సేట్లందరికి చాయ్ తాపిచ్చి చెప్తాండెనట. కంపెనీల షేర్లు మీకెందుకు, పసుపు, పత్తి, ధనియాలు, మీరు పుట్టినప్పటి సంది చూసిన సరుకే ఫోన్ల కొనుండ్రి, అమ్ముండ్రి, గోదాము కిరాయి లేదు, హమాలీ లేదు, ఎలుకల బాధ లేదు అని. లాట్ అంటే సగం లారీ పసుపు. దానికి మొత్తం పైసలు కట్టే పని లేదు, కొంచెం కడితే చాలు, ఆ సగం లారీ మీదైనట్టే. ఆ కొంచాన్నే మార్జిన్ అంటరు. నెలా రెండు నెలలకు ఒక ఆఖరు తారీఖు ఉంటది, ఆ లోపల అమ్ముకోవాలె.

నేను విని, "కొంచెం కడితే అంత సరుకు ఎవరిస్తరండీ? ఎక్కడో ఏదో ఉన్నది" అన్న. అప్పట్ల నేను ఆయనను మీరు అనేదాన్ని.

"నీకు చిల్లర బేరం తెలుసు. ఇది నీకు అర్థం కాదు" అన్నడు.

మొదట మొదట వచ్చినయి. అబద్ధమెందుకు, బాగనే వచ్చినయి. మార్కెట్‌కు సరుకు తక్కువొస్తాందని కొన్నడు, పెరిగింది, అమ్మిండు. మల్ల కొన్నడు, మల్ల పెరిగింది. ఒక పొద్దుమూకి బాదుషాల డబ్బా తెచ్చి మా అత్తమ్మ చేతిల పెట్టి కాళ్ళు మొక్కిండు. పెండ్లైన ఇన్నేండ్లల్ల ఆయన అట్ల నవ్వుడు నేను సూడలే. నేను గూడా తిన్న, రెండు తిన్న. మనసుల బుగులు ఉండె, అయినా తిన్న.

ఆ ఏడాది వానలు ఆగకుంట కొట్టినయి. నర్సంపేట దిక్కు చేన్లల్ల నీళ్ళు నిలిచి పసుపుకు దుంప కుళ్ళు వచ్చిందని తెలిసింది. ఈయన బండేసుకొని పోయి తెలిసిన రైతుల చేన్లు తిరిగి, తవ్వించి చూసి వచ్చిండు. కుళ్ళిన దుంప ఒకటి జేబుల పెట్టుకొని తెచ్చి గల్లా మీద నా ముంగట పెట్టిండు. వాసన కొడ్తాంది. "చూసినవా? పంట సగం వస్తే గొప్ప. ఈసారి పసుపు బంగారమైతది" అన్నడు. కండ్లు మెరుస్తానయి. నేను ఆ దుంపను కాయితంల చుట్టి బయట పారేసిన.

ఈసారి ఒకటి రెండు లాట్లు కాదు, చేతికి అందినన్ని కొన్నడు. కొన్నంక చెప్పిండు నాకు, దుకాణం కాయితం మిత్తికి పైసలిచ్చేటాయన దగ్గర పెట్టిన అని. మేం గోదాముల మూటలు జరుపుతానం అప్పుడు. చేతుల మూట అట్లనే వదిలేసిన.

"దుకాణం కాయితమా? ఎవరినడిగి పెట్టిండ్రు?"

"పంట వచ్చేదాకనే. పంట వస్తే అందరికి తెలుస్తది, రేటు లేస్తది, కాయితం మన చేతికి వస్తది. ఎందుకు పరేషాన్ అయితవు?"

"రాకుంటే?"

"రాకుంటే ఏంది, ఆపుకుంటం. ఎన్నడు ఆపుకోలే మనం?"

ఇగో, ఇక్కడనే ఉన్నది అంతా. మా వ్యాపారం నడిచేదే ఆపుకొనుడు మీద. రేటు పడిందంటే మూటలు గోదాముల పెట్టి తాళం వేస్తం. పసుపు చెడిపోదు. ఒక ఏడు ఆగుతం, రెండేండ్లు ఆగుతం. మా మామయ్య ఒకసారి మూడేండ్లు ఆగిండట. నష్టానికి అమ్ముడు అనేది మా ఇంట్ల లేదు. మూట గమ్మున ఉంటది, అన్నం అడుగదు, నీళ్ళు అడుగదు. ఫోన్లున్న మూట అట్ల కాదు. రేటు కొంచెం దిగితే చాలు, ఆ పొద్దుమూకే పైసలు అడుగుతది. ఇంకా కట్టు, లేకుంటే నేనే అమ్మేస్త అంటది. ఈ ఫరకు ఆయనకు తెల్వదా అంటే తెలుసు, నోటితోని చెప్తడు. కాని తాత కాలం నుంచి ఒంట్ల పట్టిన అలవాటు నోటిమాట వినదు.

రేటు దిగింది. పంట కుళ్ళింది నిజమే, మార్కెట్‌కు సరుకు రాకున్నది నిజమే, అయినా దిగింది. మహారాష్ట్ర దిక్కు పాత స్టాకులు బయటికి తీసిండ్రట. పెద్ద పెద్దోళ్ళు అమ్ముకొని పోతానరట. ఈయన రోజు ఎనుమాముల పోయి ఖాళీ యార్డు చూసి వచ్చి, "అసలు సరుకే లేదే! ఎట్ల పడ్తదే!" అని గోడలకు చెప్పుకుంట తిరిగిండు. ఇక్కడ కండ్ల ముంగట ఉన్నదొకటి, ఫోన్ల ఉన్నదొకటి. రెండూ పసుపే. ఆయనకు తిండి పోయింది. ముద్ద కలిపి అట్లనే ఫోన్ చూసుకుంట కూసునేటోడు. ఎప్పటికప్పుడు మార్జిన్ కట్టుడు. గోదాముల నిజమైన పసుపు మూటలు ఒక్కొక్కటే పోయినయి ఆ ఫోన్లున్న పసుపును బతికిచ్చుకునుడానికి. నేను అడ్డం పడ్డ, ఏడ్చిన, తిట్టిన. భద్రకాళమ్మ గుడికి పోయి నిలవడి మొక్కిన, తల్లీ, ఒక్కసారి పెంచు, ఒక్కసారి పెరిగితే ఆయన చేత అన్నీ మాన్పిస్త అని.

మా ఇంట్ల శుక్రవారం పట్టింపు మీకు చెప్పాలె. శుక్రవారం పైసలు బయటికి ఇయ్యం. దీపాలు పెట్టినంక పక్కింటోళ్ళు చిటికెడు పసుపు అడిగినా పొద్దున రమ్మంటం. దుకాణంల పొట్లాలు అమ్ముతం, అది చిల్లర, పైస లోపలికి వచ్చేది. కాని గోదాము నుంచి మూట మాత్రం కదలది. పసుపంటే లక్ష్మి, శుక్రవారం లక్ష్మిని సాగనంపుతమా అని. పెద్ద గిరాకి వచ్చినా శనివారం రమ్మని చెప్పి తిప్పి పంపిన రోజులున్నయి. నేను గూడా ఇదంతా నమ్మినదాన్నే. ఇప్పటికి గూడా చెయ్యి ముందుకు పోదు.

ఆ శుక్రవారం పొద్దున మా అత్తమ్మ ఎప్పటి లెక్క దుకాణానికి వచ్చి కడపకు పసుపు రాసి బొట్లు పెట్టి లోపల స్టూలు మీద కూసున్నది. మంచి గిరాకి. పదిన్నర దాటినంక ఆయన ఫోన్ మోగింది. హన్మకొండ ఆఫీసాయన. ఆయన గొంతు నాకు గూడా వినవడ్తాంది, అంత పెద్దగ చెప్తాండు.

"సేటు, ఇయ్యాల కోసేద్దాం, ఉన్నయన్నీ అమ్మి బయటపడదాం. మార్కెట్ మంచిగ లేదు. రేపెల్లుండి బందు. సోమవారం ఎట్ల తెరుస్తడో తెల్వదు. ఇయ్యాలైతే పోయింది పోను ఇంకింత చేతికి వస్తది."

నేను గల్లా మీదనే మనసుల లెక్క కట్టిన. వచ్చే దానికి నా బంగారం కలిపితే మిత్తాయన దగ్గర కాయితం విడిపించొచ్చు. గోదాము ఎన్నడో ఖాళీ అయింది, ఇప్పుడు చేతులు గూడా ఖాళీ అయితయి, కాని దుకాణం ఉంటది. గిర్ని ఉంటది. పిండి పట్టుకుంటనన్న బతుకుతం. గాజులు తీసి గల్లా మీద పెట్టిన అప్పటికప్పుడే.

"అమ్మేయుండ్రి. నా బంగారం అంతా ఇస్త. అమ్మి కాయితం తెచ్చుకుందాం" అన్న.

ఆయన ఫోన్ కింద పెట్టి నా దిక్కు చూసిండు. "ఇయ్యాల శుక్రవారం" అన్నడు.

నాకు ముందు సమజ్ కాలే. "అయితే?"

"శుక్రవారం పసుపు కదిలిస్తమా? అదీ నష్టానికి? మా తాత కదిలియ్యలే, మా నాయిన కదిలియ్యలే. నేను లక్ష్మిని ఏడిపిచ్చి పంపాల్నా?"

నా నెత్తి మీద ఎవరో కొట్టినట్టైంది. ఏండ్ల సంది మీరు మీరు అన్న నోరు ఆ గడియల నువ్వు అన్నది. "ఏ పసుపయ్యా? యాడున్నది నీ పసుపు? గోదాముల మూట ఉంటే గదా కదలకపోవుడు! చూపియ్యి! చెయ్యి పెట్టి ఒక కొమ్ము తీసి నా ముంగట విరువు!"

దుకాణంల గిరాకులు నిలవడి చూస్తానరు. వ్రతానికని పసుపు కుంకుమ కొనేటందుకు వచ్చిన ఒకామె చేతిల పైసలు పట్టుకొని అట్లనే నిలవడ్డది. నాకు సిగ్గు లేదు ఆ గడియ. "ఏమైంది నీకు? పైసలన్నీ పోయినా మంచిదే. నా దుకాణం పోవద్దు. నా పీట పోవద్దు. కాళ్ళు మొక్కుత, అమ్మెయ్" అన్న.

అప్పుడు మా అత్తమ్మ లేచింది. ఈ పట్టింపులన్నీ నాకు నేర్పిన మనిషి. శుక్రవారం పొద్దున కడప తొక్కితే గూడా ఊకునేది కాదు. వచ్చి కొడుకు చెయ్యి పట్టుకున్నది.

"అమ్మెయ్ రా. నేను చెప్తాన్న. ఏదన్న పాపముంటే నా నెత్తి మీద వేసుకుంట. లక్ష్మి గీ ఫోన్ల ఉండదు బిడ్డా, దుకాణంల ఉంటది. దీన్ని కాపాడుకో."

ఆయన తల్లి చెయ్యి విదిలిచ్చుకున్నడు. "నాయిన ఉంటే ఈ మాట అంటువా నువ్వు?"

"మీ నాయిన ఉంటే నీ చేతిల గది ఉండకపోతుండె" అన్నది ముసలమ్మ.

అప్పుడు సమజైంది నాకు. శుక్రవారం కాదు సంగతి. రేపు శనివారమైనా ఆయన అమ్మకపోతుండె. ఓడిపోయిన అని చెప్పుడు ఆయనకు రాదు, ఎవ్వరూ నేర్పలే. ఆపుకొనుడు ఒక్కటే నేర్పిండ్రు. శుక్రవారం చేతికి దొరికింది, పట్టుకున్నడు. ఎంత నేను అరిచినా, ఎంత తల్లి ఏడ్చినా, అది పట్టుకొనే కూసున్నడు.

నేను ఫోన్ గుంజుకోబోయిన. ఆయన నా కంటే ముందు తీసి గల్లాపెట్టెల వేసి తాళం పెట్టిండు. తాళంచెవి మొలకు దోపుకున్నడు. పోయి గిర్ని గదిల కూసొని తలుపు దగ్గరికి వేసుకున్నడు. నేను బిడ్డ ఫోన్‌కు చేసి ఆఫీసాయన నంబర్ తీసుకొని ఆయనకు చేసిన. అయ్యా, నేను ఆయన భార్యను, నేను చెప్తాన్న, అమ్మెయ్ అన్న. "అమ్మా, సేటు నోటితోనే చెప్పాలె. ఆయన ఫోన్ నుంచే రావాలె. జర మీరే ఎట్లన్న ఒప్పియుండ్రి" అన్నడు పాపం. ఆయన గూడా ఏం చేస్తడు? మల్ల మల్ల సేటుకు ఫోన్ చేసిండు. అది నేను కూసున్న పీట ముంగట గల్లాపెట్టెల మోగుతాంది. చిల్లర మీద పడి గడగడ కొట్టుకుంట మోగుతాంది. నేను పొట్లాలు కడ్తాన్న, గిరాకులకు పైసలు తిరిగి ఇచ్చేటందుకు గల్లా తెరిచే వీలు లేదు, మల్ల ఇస్త అని చెప్పి పంపిన. ఐదింటికి మార్కెట్ బందైంది. అప్పటిసంది అది మోగలే.

సోమవారం పొద్దున ఆయనే ముందు ఫోన్ పట్టుకొని కూసున్నడు. స్నానం చేసి, బొట్టు పెట్టుకొని. తెరుచుడు తెరుచుడే రేటు ఆ దినానికి పడగలిగినంత పడి ఆగింది. అట్ల పడితే ఇక ఆ రోజు కిందికి పోనియ్యరట, లోయర్ సర్క్యూట్ అంటరు. కిందికి పోదు, సరే, మరి అమ్ముదామంటే? కొనేటోడు ఉండడు. అందరూ అమ్మేటోళ్ళే. మా ఆయన ఫోన్ల ఆఫీసాయన మీద అరుస్తాండు. "అమ్ము! ఎంతకైనా అమ్ము! ఏ రేటుకైనా ఇచ్చెయ్!" అంటాండు. ఎంతకని ఇస్తడు, తీసుకునేటోడే లేకుంటే? ఎనుమాములల పుచ్చిపోయిన సరుకు తెచ్చినా ఎవడో ఒకడు ఏదో ఒక రేటు అంటడు. ఏదీ అనకుంట అందరూ మొకం తిప్పుకునుడు మా ఆయన ఇన్నేండ్ల యాపారంల చూడలే. ఫోన్ గుండెకు పట్టుకొని, "ఒక్కడు గూడా లేడే" అన్నడు నాతోని. నాకు ఆయన మీద కోపం పోయి భయం మొదలైంది ఆ మాటకే.

తెల్లారి గూడా అదే. ఆ తెల్లారి ఆఫీసోళ్ళే అన్నీ అమ్మేసిండ్రు. ఏం మిగలలే. మిగలక పోవుడు కాదు, మేమే ఇంకా ఇయ్యాల్సి వచ్చింది. నా గాజులు, మిగిలిన బంగారం దానికే సరిపోయినయి. మిత్తాయన మంచిగనే మాట్లాడిండు, చెడ్డోడనలేను. దుకాణం అమ్మి నాది నాకియ్యుండ్రి అన్నడు.

కొన్నది మా బజారాయనే, ప్లాస్టిక్ సామాన్ల యాపారం. గిర్ని ఆయనకు అక్కర లేదు, పాత ఇనుము కొనేటోళ్ళు వచ్చి విప్పిండ్రు. ఆఖరు దినం నేను తొమ్మిదింటికే పోయి పీట మీద కూసున్న. ఉన్న పొట్లాలు అమ్ముకుంట కూసున్న. మధ్యాహ్నం ఆ కొన్నాయన వచ్చి కడప అవతల నిలవడ్డడు. లోపలికి రాలేదు, మర్యాదస్తుడు. నేను లెవ్వలే. ఇంకొక పొట్లం, ఇంకొక పొట్లం అనుకుంట కూసున్న. మా ఆయన బయట అరుగు మీద తల వంచుకొని ఉన్నడు, ఆయన లెవ్వు అనలే. ఆఖరికి ఆ కొన్నాయనే, "అక్కా, జర… మా సామాన్ల ఆటో వచ్చింది" అన్నడు. అప్పుడు లేచిన. ఎంత ఏడుపు వస్తదో అనుకున్న, ఏం రాలే. మోకాళ్ళు పట్టుకపోయి ఉండె.

తరువాతి దినాల సంగతి చెప్పుడు కష్టం. మా ఆయన గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. పిలిస్తే పలుకడు. తింటే తింటడు, లేకుంటే లేదు. ఒక పొద్దున బాత్‌రూమ్‌ల చాలాసేపు చప్పుడు లేదు. తలుపు బాది బాది నా చేతులు వాచినయి. తెరిచి బయటికి వచ్చిండు, ఊరికనే కూసున్న అన్నడు. నేను ఎమ్మటే స్క్రూడ్రైవర్ తెచ్చి ఆ గొళ్ళెం విప్పి పారేసిన. మా బిడ్డ కాలేజీ నుంచి వచ్చి గొళ్ళెం ఏదమ్మా అనడిగితే తుప్పు పట్టింది అని చెప్పిన. అది నా మొకం చూసి ఇంకేం అడుగలే. కూరగాయల కత్తి బియ్యం డబ్బాల దాచిన. ఆయన చెప్పులు వేసుకుంటే నేను గూడా చెప్పులు వేసుకున్న. యాడికి అంటే, ఊరికనే గాలికి అన్న. గాలికే తిరిగినం ఇద్దరం, గల్లీలన్నీ.

బతకాలె గదా. కాశిబుగ్గల ఒక మసాలాల ఫ్యాక్టరీ ఉన్నది, వాళ్ళు పసుపు పొడి ఇంటికి పంపిస్తరు. జల్లెడ పట్టి, పొట్లాలు నింపి ఇయ్యాలె. కిలోకు ఇంత అని ఇస్తరు. ఎవరి పసుపో, ఎవరి పేరో. నేను వరండాల చాప వేసుకొని నింపుత. మా అత్తమ్మ కండ్లు కనవడకున్నా పొట్లాల మూతులు అంటిస్తది. ఆమె ఆ శుక్రవారం ముచ్చట మల్ల ఎన్నడు ఎత్తలే. ఎత్తితే బాగుండు అనిపిస్తది నాకు ఒక్కొక్కసారి, ఇద్దరం కలిసి తిట్టుకుందుం.

కొత్త పంట మార్కెట్‌కు వచ్చింది. వచ్చిందంటే ఏం వచ్చింది, రాలే. దుంప కుళ్ళు ఎంత తిన్నదో అప్పుడు లోకమంతటికి తెలిసింది.

ఒక మధ్యాహ్నం జల్లెడ పడ్తాన్న. లోపల నుంచి చప్పుడైంది. మా ఆయన మంచం దిగి, లుంగీ సరిచేసుకుంట వరండాలకు వచ్చిండు. చేతిల ఫోన్. మొకం మీద నెలల సంది లేని రక్తం ఉన్నది. నవ్వుతాండు.

"చూసినవా? కొన్న రేటు దాటింది! దాటి పోతాంది ఇంకా! నేను చెప్పలేదా? దుంప చూపియ్యలేదా నీకు? నేను తప్పు కాదే. నేను తప్పు కాదు."

జల్లెడ తీసి నెత్తి మీద కొట్టాలె. దుకాణం ఏదయ్యా అని అడుగాలె. నీ దుంపల పాడుగాను, నీ రేటు పాడుగాను అని ఇల్లు ఎగిరిపోయేటట్టు అరువాలె. నోటిదాక వచ్చినయి అన్నీ. కాని ఆయన నిజమే చెప్తాండు. పంట కుళ్ళింది నిజం, రేటు లేసింది నిజం. ఆ మనిషి నవ్వుడు చూసి ఎన్నాళ్ళైందో. గొళ్ళెం విప్పిన తలుపు దిక్కు చూడకుంట నేను ఒక్క దినమన్న పండుకొని ఎన్నాళ్ళైందో.

"ఇటియ్యి" అన్న.

పసుపు చేతులతోనే ఫోన్ తీసుకున్న. గీత పైకి పోతాంది. చూస్తాన్నప్పుడే నా మనసు దాని పని అది మొదలుపెట్టింది. అప్పుడు ఉన్నన్ని లాట్లు ఇప్పుడు ఉంటే, దాని మీద ఇంత, దాంట్ల దుకాణానికి ఇంత, గిర్నికి ఇంత. నా లెక్క ఎన్నడు తప్పు పోలేదు, అప్పుడు గూడా పోలే. దుకాణం వస్తది ఆ లెక్కల. కడప, పీట, అన్నీ వస్తయి. నా మెడల పుస్తెలతాడు ఒక్కటే మిగిలి ఉన్నది, అది గూడా ఆ లెక్కలకు వచ్చింది. నేను పిలువలే, అదే వచ్చింది. నాకు ఒళ్ళంతా బుగులు పుట్టింది, ఆయనను చూసి కాదు.

ఫోన్ తిరిగి ఇయ్యబుద్ధి కాలే.

"ఇంకెంతదాక పోతదంటానరు?" అని అడిగిన.

ఆయన నా దిక్కు చూసిండు. పొట్లాలు జర పక్కకు జరిపి, చాప మీద నా పక్కన కూసున్నడు.